రాత్రి కాల్ ఎవరి దగ్గర మోగాలి: మా కోల్డ్ స్టోరేజీలో మూడు సీజన్ల ఫ్రీపీబీఎక్స్

మాది గుంటూరు. యార్డు దగ్గర కమీషన్ ఆఫీసు, ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఖమ్మంలో ఒక చిన్న బ్రాంచి. వ్యాపారం మా బాబాయిది. కంప్యూటర్లు, కెమెరాలు, ఫోన్లు, కాటా సాఫ్ట్‌వేర్ ఇట్టాంటివన్నీ నేను చూస్తా. ఫ్రీపీబీఎక్స్ అనే ఆఫీసు ఫోన్ ఎక్స్చేంజ్ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు సీజన్లు అయింది, 24 ఎక్స్‌టెన్షన్లు నడుస్తున్నాయి, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల వాళ్ళు ఎట్టా ఉందని అడుగుతుంటే విడివిడిగా చెప్పేకంటే ఒకసారి మొత్తం రాసి పెడదామని కూర్చున్నా. ముందే చెప్తున్నా, నాకు ఇది బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే మాత్రం పాత డబ్బా సంగతి చెప్పాలి.

పాత ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్చేంజ్ డబ్బా, మాకు ఒక లోకల్ వెండార్ పెట్టాడు, పేరు వద్దులెండి. డబ్బా మంచిదే, ఏళ్ళ తరబడి పనిచేసింది, దాన్ని తప్పు పట్టను. కానీ ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉండేది. రాత్రి కాల్స్ ఏ ఫోనుకి పోవాలో మార్చాలన్నా, ఎవరన్నా సీటు మారినా, ఆయనకి ఫోన్ చెయ్యాలి, ఆయన వచ్చేదాకా ఆగాలి, వచ్చినందుకు డబ్బులివ్వాలి. సీజన్లో పది రోజులు ఆగడమంటే ఏంటో మిర్చి వ్యాపారంలో ఉన్నోళ్ళకి తెలుసు. ఒక రాత్రి కంప్రెసర్ ట్రిప్ అయింది. ప్లాంట్ ఆపరేటర్ బాబాయి మొబైల్‌కి చేస్తే అది ఛార్జింగ్ లేక ఆగిపోయి ఉంది, ఆఫీసు నంబర్‌కి చేశాడు, ఆ కాల్ తాళం వేసిన రిసెప్షన్ గదిలో మోగుతూనే ఉంది. చివరికి బండేసుకుని ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. సరుకు పాడవ్వలేదు, సమయానికి సరిచేశారు. కానీ లోపల ఉన్నది మాది కాదు కదా, రైతులు బాండ్ల (మేమిచ్చే సరుకు రసీదుల) మీద నమ్మకంతో పెట్టిన టిక్కీలు, మిర్చి బస్తాలు. ఆ పొద్దున బాబాయి నన్ను పిలిచి ఒకటే మాట అన్నాడు, "ఏరా, రాత్రి ఫోను ఎక్కడ మోగాలో మన చేతిలో ఉండాలా వద్దా?" అని. అక్కడ మొదలైంది ఇది.

ఫ్రీపీబీఎక్స్ అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. కింద ఉండే అసలు ఇంజిన్ పేరు ఆస్టరిస్క్. అమెరికాలో హంట్స్‌విల్‌కి చెందిన మార్క్ స్పెన్సర్ 1999లో రాసింది, ఫోను మీద ఉండే స్టార్ (*) గుర్తు పేరే దానికి పెట్టాడు. మామూలు కంప్యూటర్నే ఫోన్ ఎక్స్చేంజ్‌లా నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాన్ని నేరుగా వాడాలంటే కాన్ఫిగ్ ఫైళ్ళు చేత్తో రాయాలి. ఫ్రీపీబీఎక్స్ దాని మీద కూర్చునే వెబ్ పేజీ, మనం బ్రౌజర్లో గడులు నింపితే ఆ ఫైళ్ళు అదే రాసుకుంటుంది. ఇప్పుడు రెండూ సంగోమా అనే కెనడా కంపెనీ చేతిలో ఉన్నాయి. డౌన్‌లోడ్ ఉచితం, లైసెన్సు ఖర్చు లేదు. మేము ఒక చిన్న మినీ పీసీ మీద పెట్టాం, సాలిడ్ స్టేట్ డిస్క్, యూపీఎస్ మీద. ఖర్చంతా ఐపీ ఫోన్లకి (నెట్ కేబుల్ మీద నడిచేవి), లాండ్‌లైన్లని సిస్టంకి కలిపే గేట్‌వే పెట్టెకి అయింది.

ఇక డయల్ ప్లాన్. సగం మంది ఇక్కడే చేతులెత్తేస్తారు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తా.

ఫోన్లో ఎవరన్నా ఒక నంబర్ కొట్టారు. ఆ అంకెలు చూసి ఇది లోపలి ఎక్స్‌టెన్షనా, లోకల్ లాండ్‌లైనా, మొబైలా, ఐఎస్‌డీనా అని తేల్చుకుని, ఏ లైను మీద బయటికి పంపాలో, పంపే ముందు అంకెలు ఏమన్నా కలపాలో తీసెయ్యాలో చెప్పేదే డయల్ ప్లాన్. ఫ్రీపీబీఎక్స్‌లో అవుట్‌బౌండ్ రూట్స్ అని పేజీ ఉంటుంది, అందులో ఒక్కో రూటుకి ప్యాటర్న్లు రాయాలి. అక్షరాలు గుర్తు పెట్టుకుంటే చాలు: ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏదైనా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9, చుక్క పెడితే ఆ తర్వాత ఒకటి గానీ ఎన్నయినా గానీ అంకెలు. బ్రాకెట్లో [6-9] అని పెడితే ఆ నాలుగు అంకెల్లో ఒకటి. ఇంతే. లైను ముందు ప్రీపెండ్ అని ఒక గడి ఉంటుంది, అక్కడ రాసింది నంబర్ ముందు అతికి బయటికి పోతుంది. ప్రిఫిక్స్ గడిలో రాసింది మాత్రం కొట్టిన నంబర్లోంచి తీసేసి పంపుతుంది.

మనకి దీని అవసరం ఎక్కడ పడిందంటే ఆ సున్నా దగ్గర. 2021 జనవరి 15 నుంచి లాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చెయ్యాలంటే ముందు 0 కొట్టాలి కదా. మా ఆఫీసులో అందరికీ మొబైల్ అలవాటు, పది అంకెలు కొట్టి వదిలేస్తారు, ముందు సున్నా పెట్టండి అని రికార్డింగ్ వచ్చేది, మళ్ళీ మొదట్నించి. రోజుకి ఎన్నిసార్లు విసుక్కునేవాళ్ళో. కొత్త దాంట్లో [6-9] తర్వాత తొమ్మిది ఎక్స్‌లు అని ప్యాటర్న్, ప్రీపెండ్‌లో 0. అయిపోయింది. ఎవరన్నా కాంటాక్ట్ లిస్టు నుంచి +91 తో సహా కొడితే ఆ +91 ప్రిఫిక్స్ గడిలో పెట్టి తీసేయించా, ముందు 0 కలుపుతుంది. సున్నాతో కొట్టినా, సున్నా లేకుండా కొట్టినా, +91 తో కొట్టినా ఒకే రూపంలో బయటికి పోతుంది. మా అకౌంటెంట్ గారు వారం తర్వాత వచ్చి "సున్నా తీసేశారా గవర్నమెంటోళ్ళు?" అని అడిగారు. అంత హాయిగా ఉంది ఆయనకి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. గుంటూరు కోడ్ 0863, నంబర్ ఏడంకెలు. సున్నా లేకుండా ఎవరన్నా 863 తో మొదలుపెట్టి పదంకెలు కొడితే అది మొబైల్‌లా కనపడుతుంది కదా, 86 తో మొదలయ్యే మొబైళ్ళు కూడా ఉన్నాయి కదా అని. ఏం కాదు. రెండింటికీ ముందు 0 పెట్టి పంపితే మిగతాది ఎక్స్చేంజ్ చూసుకుంటుంది, ఎస్టీడీ కోడు, నంబరు కలిపి ఎక్కడైనా పదంకెలే. హైదరాబాద్‌కి 40 తర్వాత ఎనిమిది, మాకు 863 తర్వాత ఏడు, ఖమ్మానికి 8742 తర్వాత ఆరు. ఉత్త ఏడంకెల లోకల్ నంబర్ కొట్టినప్పుడు మాత్రం ఎన్ తర్వాత ఆరు ఎక్స్‌లు అని వేరే ప్యాటర్న్ రాసి 0863 ప్రీపెండ్ చేశా.

రూట్ల వరస చాలా ముఖ్యం. పైన ఉన్న రూటు ముందు చూస్తుంది, అది కుదిరితే కింద ఉన్నవాటి దాకా రాదు. నేను చేసిన తప్పు చెప్తా, ఇంకొకళ్ళు చెయ్యకూడదని. మొదట్లో ఏ నంబర్ ఎక్కడ ఆగిపోతుందో అని భయంతో ఎక్స్ చుక్క అని ఒక రూటు పెట్టా, అంటే ఏం కొట్టినా పోనిచ్చేది, అన్నిటికంటే అడుగున. నెల తర్వాత రూట్లు సర్దుతూ దాన్ని పొరపాటున ఐఎస్‌డీ రూటు పైకి లాగా. ఐఎస్‌డీ రూటుకి అంతకుముందే పిన్ పెట్టా, ఆ పిన్ అడగడం మానేసింది, 00 తో మొదలయ్యే ప్రతి కాలూ ఈ రూట్లోంచి పోబోయింది. ట్రంక్ (బయటికి పోయే ఫోన్ కనెక్షన్) తీసుకున్నప్పుడే దాని మీద ఐఎస్‌డీ బార్ చేయించాం కాబట్టి ఒక్క కాలూ బయటికి పోలేదు. అప్పట్నించి అట్టాంటి అన్నీ పోనిచ్చే రూటు మా సిస్టంలో లేదు. ఏ ప్యాటర్న్‌కీ కుదరని నంబర్ పోకూడదు, అంతే. ఏదన్నా కొత్త రకం నంబర్ అవసరం పడితే వచ్చి అడుగుతారు, అప్పుడు కలుపుతా. ఎగుమతి చూసే ఆయనకి చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక వాళ్ళతో పని, తర్వాత ఆయన కోసం బార్ తీయించి 0086, 00880, 0094 ఈ మూడు కోడ్లకే రూటు, దానికి పిన్. మిగతా ప్రపంచానికి దారి లేదు.

ఇప్పుడు అందరూ చదవాల్సిన సంగతి. ఎక్స్‌టెన్షన్ నంబర్లు 100 నుంచి మొదలుపెట్టొద్దు. పాత డబ్బాలో మా అకౌంట్స్ సీటు 101. అప్పట్లో బయటికి చెయ్యాలంటే ముందు 9 కొట్టి లైను తీసుకోవాలి కాబట్టి తేడా తెలిసేది కాదు. కొత్త దాంట్లో 9 అక్కర్లేదు, నేరుగా కొట్టడమే. అదే 101 ఉంచేసి ఉంటే కోల్డ్ స్టోరేజీలో నిప్పు కనపడి ఎవరన్నా ఫైర్ స్టేషన్‌కని 101 కొడితే అకౌంట్స్ టేబుల్ మీద ఫోను మోగుద్ది. ఎండు మిర్చికి నిప్పంటుకుంటే ఆ పొగకి మనిషి దగ్గరికి పోలేడు, అక్కడ ఒక్కో నిమిషం లెక్కే. 100, 101, 102, 104, 108, 112 ఇవేవీ ఎక్స్‌టెన్షన్లుగా ఉండకూడదు. మేము 201 నుంచి మొదలుపెట్టాం.

అన్ని రూట్లకంటే పైన ఎమర్జెన్సీ రూటు. ఫ్రీపీబీఎక్స్‌లో రూట్ టైప్ దగ్గర ఎమర్జెన్సీ అని టిక్ పెట్టే చోటుంది, అది పెట్టాలి. ఇంకో సంగతి, ఈ రూటుని సిప్ ట్రంక్ మీద కాకుండా పాత రాగి తీగ లాండ్‌లైన్ మీద పంపుతున్నాం. ఎందుకంటే సిప్ ట్రంక్ ఇంటర్నెట్ మీద వచ్చేది, ఫైబర్ తెగితే పోతుంది. పైగా కొంతమంది 040 నంబర్‌తో హైదరాబాద్‌లో ఇచ్చిన ట్రంక్‌ని గుంటూరులో వాడుతుంటారు, దాని మీద 101 కొడితే కాల్ తేలేది హైదరాబాద్ ఎక్స్చేంజ్‌లో, ఎత్తేది వేరే రాష్ట్రం కంట్రోల్ రూము కావచ్చు. లాండ్‌లైన్ అయితే గుంటూరులోనే తేలుతుంది. నెలకి ఆ ఒక్క లైను బిల్లు దండగ అని బాబాయి మొదట్లో అన్నాడు, కారణం చెప్పాక ఇంకో లైను కూడా ఉంచమన్నాడు.

ఆ లాండ్‌లైన్లు సిస్టంలోకి రావాలంటే ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే అనే పెట్టె కావాలి. లైను దూరేది ఎఫ్ఎక్స్ఓ, ఫోను దూరేది ఎఫ్ఎక్స్ఎస్, కొనేటప్పుడు తారుమారు అవుద్ది జాగ్రత్త. దీంతో మాకు వారం రోజులు ఒకటే తలనొప్పి: అవతలి వాళ్ళు పెట్టేసినా మా వైపు లైను వదలదు. వరసగా కాల్స్ వచ్చేసరికి అన్ని లైన్లూ ఎంగేజ్. గేట్‌వే సెట్టింగుల్లో దేశం అమెరికా అని ఉంది, అక్కడి బిజీ టోన్ 480, 620 హెర్ట్జ్ రెండూ కలిపి అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. మనది 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. గేట్‌వే అమెరికా టోన్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటే మన టోన్ వచ్చినా అదేంటో దానికి తెలీదు. దేశం ఇండియా అని మార్చా, టోన్ విలువలు సరిచూశా, ఆ రోజు నుంచి లైన్లు ఇరుక్కోవడం లేదు.

బయటి నుంచి వచ్చే కాల్స్ సంగతికొస్తే నా సమయం ఎక్కువ పోయింది ఇక్కడే, ఫలితం ఎక్కువ కనపడింది కూడా ఇక్కడే. ఇన్‌బౌండ్ రూట్స్‌లో ఏ నంబర్‌కి వచ్చింది, ఎవరు చేశారు అని రెండు గడులు. ఏ నంబర్‌కి వచ్చింది అనే గడిలో మన నంబర్ సరిగ్గా ప్రొవైడర్ ఏ రూపంలో పంపితే ఆ రూపంలోనే రాయాలి. ఒకరు 0863 తో పంపుతారు, ఒకరు +91863 అని, ఇంకొకరు ఉత్త 863 అని. ఒక్క అంకె తేడా ఉన్నా రూటు కుదరదు, చేసినోళ్ళకి ఈ నంబర్ సర్వీసులో లేదని ఇంగ్లీషు గొంతు వినపడుద్ది. ఊహించి రాయొద్దు, ఆస్టరిస్క్ కన్సోల్ తెరిచి పెట్టుకుని మొబైల్ నుంచి ఒక కాల్ చేస్తే వచ్చిన నంబర్ అక్కడే కనపడుతుంది, అది చూసి రాసుకోండి. నేను ఒక పూట అంతా రూటర్ని అనుమానించి ఆఖర్న ఇది పట్టుకున్నా.

ఎవరు చేశారు అనే గడితోనే మా అసలు సమస్య తీరింది. ప్లాంట్ ఆపరేటర్ల మొబైల్ నంబర్లు అక్కడ రాశా. ఆ నంబర్ల నుంచి కాల్ వస్తే మెనూ లేదు, టైం చూడటం లేదు, రిసెప్షన్ లేదు, నేరుగా ఒక రింగ్ గ్రూపుకి పోతుంది. ఆ గ్రూపులో బాబాయి ఇంట్లో పెట్టిన ఎక్స్‌టెన్షన్, బాబాయి మొబైల్, నా మొబైల్, ఎలక్ట్రీషియన్ మొబైల్, అన్నీ ఒకేసారి మోగుతాయి. మొబైల్ నంబర్ చివర హాష్ గుర్తు పెట్టాలి, లేకపోతే దాన్ని ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది. కన్ఫర్మ్ కాల్స్ అని ఒక ఆప్షన్ ఉంది, తప్పకుండా ఆన్ చెయ్యండి. ఎత్తిన మనిషి 1 నొక్కితేనే కాల్ కలుస్తుంది, అప్పటిదాకా మిగతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. నిద్రలో ఎవరన్నా ఎత్తి పక్కన పడేసినా, ఇంట్లో పిల్లలు నొక్కేసినా కాల్ అక్కడ చచ్చిపోదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో రాత్రి రెండింటికి కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోలేదు, ఆపరేటర్ ఫోన్ చేశాడు, నేను ఫోను అందుకునేలోపే ఎలక్ట్రీషియన్ 1 నొక్కేశాడు. నేను ఎత్తేసరికి లైను లేదు. పొద్దున రిపోర్టులో చూస్తే 9 సెకన్లలో కలిసింది.

మెనూ విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ఉంది. రైతు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని ఏడు ఆప్షన్లు చదవకూడదు. పల్నాడు నుంచి సరుకు వేసుకుని లారీలో వస్తూ చేస్తాడు, చుట్టూ శబ్దం, చేతిలో చిన్న బటన్ల ఫోను, ఆయన అంకె నొక్కడు, మనిషి గొంతు కోసం ఆగి ఉంటాడు. అందుకని మాకు మూడే ఆప్షన్లు, ఏమీ నొక్కకపోతే 5 సెకన్లలో మనిషి దగ్గరికి పోతుంది. ఫ్రీపీబీఎక్స్ మామూలుగా ఇచ్చే టైమౌట్ 10 సెకన్లు, అది తగ్గించుకోండి. టైమౌట్ అయితే మెనూ మళ్ళీ మొదట్నించి చదవడం కాకుండా ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఆపరేటర్ ఎక్స్‌టెన్షన్‌కి పంపమని పెట్టండి.

గొంతు సంగతి. ఇందులో తెలుగు గొంతు రాదు. ఆస్టరిస్క్‌తో వచ్చే ఇంగ్లీషు గొంతు అలిసన్ స్మిత్ అనే ఆవిడది, స్పష్టంగా ఉంటుంది గానీ మా రైతులకి ఏం ఉపయోగం. స్టూడియోలో చేయిద్దామా అనుకుని, చివరికి ఆఫీసులో ఫోన్లు ఎత్తే మా ఆపరేటర్ అక్కనే అడిగా. ఇరవై ఏళ్ళ నుంచి ఆ సీట్లో ఉంది, రైతులకి ఆవిడ గొంతు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం ఏసీ, ఫ్యాన్ ఆపేసి, స్టోర్ రూములో గోనెసంచుల మధ్య కూర్చోబెట్టి రికార్డు చేశాం, సంచులుంటే గొంతు మారుమోగదు. నేను రాసిచ్చింది "దయచేసి మీ ఎంపికను ఎంచుకోండి" లాంటి పేపర్ భాష. ఆవిడ ఒకసారి చదివి కాగితం మడిచి పక్కన పెట్టి, "ఇట్టా ఎవరు మాట్లాడతారు తమ్ముడూ" అని, తనే చెప్పింది: "నమస్కారం అండీ. సరుకు తెస్తున్నారా, ఒకటి నొక్కండి. బాండు సంగతైతే రెండు. లెక్కల సంగతైతే మూడు. ఏదీ తెలియకపోతే లైన్లోనే ఉండండి, నేను మాట్లాడతా." ఆ ఆఖరి మాట నాకు తట్టేది కాదు. వేవ్ ఫైలు, మోనో, 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ కింద మార్చి సిస్టం రికార్డింగ్స్‌లో ఎక్కిస్తే సరిపోయింది. ఫోన్ చేసినోళ్ళు కొందరు రికార్డింగ్ అని తెలియక "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తున్నారు. మిమ్మల్ని కోరేది ఒకటే, తెలుగు రికార్డింగ్ పెట్టుకోండి, మీ ఊరి మాటలో పెట్టుకోండి.

టైం కండిషన్లు కూడా బాగున్నాయి. ఆఫీసు వేళల్లో ఒక దారి, రాత్రికి ఒక దారి. మిర్చి యార్డుకి సెలవులు ఎప్పుడు ప్రకటిస్తారో మన చేతిలో ఉండదు, ముందే క్యాలెండర్లో రాసి పెట్టుకోవడం కుదరదు. దానికి కాల్ ఫ్లో కంట్రోల్ అని ఉంది. అక్క ఫోను మీద ఒక బటన్‌కి కట్టా. పచ్చ లైటు ఉంటే మామూలు దారి, నొక్కితే ఎర్రగా మారి యార్డు సెలవు అనౌన్స్‌మెంట్ మొదలవుద్ది. కంప్యూటర్ ముట్టుకోకుండా, నన్ను పిలవకుండా ఆవిడే చేసుకుంటుంది. పాత డబ్బాలో ఇదే పనికి వెండార్ రావాల్సి వచ్చేది.

నెట్ విషయం త్వరగా చెప్పేస్తా. మామూలు జీ 711 కోడెక్‌లో (మాటని డేటాగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి ఒక్కో వైపు సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది, పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ లోపే, కాబట్టి స్పీడ్ సమస్య కాదు, లైను నిలకడగా ఉండటం ముఖ్యం. ఒకవైపే మాట వినపడుతుంటే ముందు రూటర్లో సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్స్ వివరాల్లో రూటర్ వేలు పెట్టే సెట్టింగు) ఆపండి, తర్వాత సిప్ సెట్టింగ్స్‌లో బయటి ఐపీ, లోపలి నెట్‌వర్క్ సరిగ్గా రాశారో చూడండి, ఎక్కువ శాతం అక్కడే ఉంటుంది. బయటికి పోయే రూట్లో ముందు సిప్ ట్రంక్, అది పలకకపోతే లాండ్‌లైన్ అని రెండూ వరసగా పెడితే అదే మారిపోతుంది. లోపలికి వచ్చే కాల్స్‌కి మాత్రం మన సిస్టం ఏం చెయ్యలేదు, నెట్ పోతే కాల్ మన దాకా రానే రాదు కాబట్టి ప్రొవైడర్‌నే అడిగి అట్టాంటప్పుడు ఏ మొబైల్‌కి పంపాలో వాళ్ళ వైపు రాయించుకోవాలి. ఖమ్మం బ్రాంచికి లైను ఖమ్మంలోనే తీసుకున్నాం. గుంటూరు నుంచి ఇంటర్నెట్ మీద అక్కడికి పంపి అక్కడి లైను మీద లోకల్‌గా బయటికి తీస్తే ఎస్టీడీ మిగులుద్దని ఒకాయన సలహా ఇచ్చాడు, అది టోల్ బైపాస్ కిందకొస్తుంది, మన టెలికాం రూల్స్ ఒప్పుకోవు, ఆ జోలికి పోవద్దు.

సెక్యూరిటీ దగ్గర మాత్రం మెతగ్గా ఉండొద్దు. సిప్ పోర్టు 5060 ఇంటర్నెట్‌కి తెరిచి పెడితే గంటల్లో ఎక్కడెక్కడి నుంచో ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్లు కనిపెట్టడానికి ప్రయత్నాలు మొదలవుతాయి, లాగ్‌లో వరసగా కనపడతాయి. దొరికిందా, రాత్రంతా మన లైను మీద విదేశాలకి కాల్స్ నడుపుతారు, బిల్లు మనకొస్తుంది. మేము ఫైర్‌వాల్ ఆన్ చేసి ప్రొవైడర్ ఐపీ, మా బ్రాంచీల వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే మాకు మాత్రమే ఉండే రహస్య దారి) తప్ప ఇంకెవర్నీ రానివ్వలేదు. అడ్మిన్ పేజీ అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి కనపడకూడదు. 2025 ఆగస్టులో ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లో (ఫోన్లన్నీ ఒకేచోటు నుంచి సెట్ చేసే భాగం) పెద్ద లోపం బయటపడింది, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దూరేంతది, అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టుకున్న సిస్టంల మీద దాడులు జరిగాయి. మాది వీపీఎన్ వెనక ఉంది కాబట్టి కంగారు పడకుండా అప్‌డేట్ వేసుకున్నాం. సాఫ్ట్‌వేర్ మన చేతిలో ఉందంటే దాని కాపలా కూడా మనదే, ఇది ఒప్పుకోలేని వాళ్ళు దీన్ని తీసుకోకండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. కొన్ని మాడ్యూల్స్ డబ్బు పెట్టి కొనాలి, ఎండ్‌పాయింట్ మేనేజర్ లాంటివి, అది లేకపోతే ఫోన్లన్నీ ఒక్కోటి చేత్తో సెట్ చేసుకోవాలి. 24 ఫోన్లకి నాకు రెండు రోజులు పట్టింది, కొనలేదు. ఫ్రీపీబీఎక్స్ 16 నుంచి 17 కి మారేటప్పుడు ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కుదరలేదు, ఎందుకంటే 16 కింద ఉన్నది సెంటోస్ 7 అనే లైనక్స్ ఆధారం, దానికి 2024 జూన్ 30తో కాలం తీరింది, 17 డెబియన్ 12 అనే వేరే లైనక్స్ మీద నడుస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్ ఎక్కించుకోవాలి. సీజన్ లేని రోజుల్లో చేశాం, ఒక ఆదివారం పట్టింది, రూట్లు, రికార్డింగులు అన్నీ వచ్చాయి. మార్పు చేశాక పైన ఎర్రగా వచ్చే అప్లై కాన్ఫిగ్ నొక్కకపోతే ఏదీ అమల్లోకి రాదు, కొత్తవాళ్ళు ఇక్కడ గంటలు పోగొట్టుకుంటారు. లైనక్స్ అంటే అసలు పరిచయం లేని ఆఫీసు అయితే, నేర్చుకునే మనిషి ఒకళ్ళన్నా లోపల లేకపోతే, నెలవారీ డబ్బు కట్టే క్లౌడ్ సర్వీసే వాళ్ళకి మంచిది, అది నామోషీ ఏం కాదు. ఎవరిదైనా సరే, పెట్టించుకునేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్, రూట్ల వివరం కాగితం మీద రాయించి తీసుకోండి.

మేము ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున్నే పరీక్ష చేస్తాం. సర్వర్ పక్కన గోడకి ఒక లిస్టు అంటించి ఉంది: *43 కొట్టి మన మాట మనకి తిరిగి వినపడుతుందా, లోకల్ నంబర్, మొబైల్ సున్నాతో, సున్నా లేకుండా, +91 తో, పిన్ లేకుండా 00 కొడితే ఆగుతుందా, ట్రంక్ కేబుల్ పీకితే లాండ్‌లైన్ మీద పోతుందా, ప్లాంట్ ఆపరేటర్ మొబైల్ నుంచి చేస్తే నాలుగు ఫోన్లూ మోగుతున్నాయా. ఎమర్జెన్సీ నంబర్లకి ఊరికే చెయ్యకూడదు కదా, అందుకని ఆ రూటులోనే మా ఇంటి లాండ్‌లైన్ నంబర్ ఒకటి కలిపి దాంతో చూసుకుంటాం. పావుగంట పని.

అయిదుకి నాలుగున్నర ఇస్తా. తెలుగు గొంతు దాంతోపాటే వచ్చి ఉంటే అయిదూ ఇచ్చేవాణ్ణి. ఫిబ్రవరిలో సరుకు మొదలయ్యేలోపు ఖమ్మంలో గేట్‌వే మార్చాలి, అక్కని ఇంకోసారి గోనెసంచుల మధ్య కూర్చోబెట్టి ఖమ్మం వాళ్ళ కోసం వేరే రికార్డింగ్ చేయించాలి. అక్కడి రైతులు ఎట్టా అడుగుతారో కనుక్కుని రాసిపెట్టుకోవడం ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది.